పౌడర్ రాయని పాదాలు

ఆఫీసరు మధ్యాహ్నం నమాజుకి వెళ్లాడు, గంటలో వస్తాడు, అంతవరకు ఈ బల్ల మీద కూర్చోమన్నారు కాబట్టి అచ్చాయమ్మ కూర్చుంది. ఒళ్లో గుడ్డసంచీ, సంచీ మీద రెండు చేతులు. లేవకూడదు అనుకుంది. లేస్తే గుమ్మం, గుమ్మం దాటితే రోడ్డు, రోడ్డు మీద టాక్సీ, పావుగంటలో జుమేరాలో సాబ్ ఇల్లు, వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు ముందేసుకుంటే ఇందాకటిదాకా ఎక్కడికెళ్లావని అడిగేవాళ్లు కూడా ఉండరు, అంత సులువు కాబట్టే లేవకూడదు. గోడలో బిగించిన ఏసీ పెట్టె గరగరమని ఒకటే మోత, దాని కింద కారే నీళ్లకి ఎవరో పాలపొడి డబ్బా పెట్టారు, డబ్బా నిండి గచ్చు మీదికి ఒక పాయ పారుతోంది, వెళ్లి ఆ నీళ్లు పారబోసి గచ్చు తుడవాలని చెయ్యి ఒకటే పీకుతోంది, నలభై మూడేళ్ల చెయ్యి, ఊరికే ఉండటం దానికి ఎవరూ నేర్పలేదు. ఠాణాకి వచ్చి కూడా గచ్చు తుడవాలనుకునే మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను అనుకుంటే నవ్వొచ్చింది, వచ్చినట్టే పోయింది. ఈ గోడ అవతల ఏదో ఒక గదిలో హన్మాండ్లు ఉన్నాడు. నాలుగు రోజులైంది. హిల్డమ్మని చంపింది వాడేనంటున్నారు. కాదని తెలిసినవాళ్లు ఈ దుబాయ్ మొత్తం మీద ముగ్గురే, హన్మాండ్లు, తను, ఆ చంపినవాడు.

పక్కన ఫాతిమున్నీసా బేగం బురఖా అంచు సర్దుకుంటోంది. ఆమెది ఆర్మూరు దగ్గర పల్లె, పన్నెండేళ్లు అరబ్బుల ఇంట్లో వంట చేసి వాళ్ల భాష వాళ్లలాగే గొంతు లోపలినుంచి మాట్లాడటం నేర్చుకుంది, ఇప్పుడు అల్ కుసైస్‌లో ఉంటూ కూలీల క్యాంపు మగవాళ్లకి అన్నం వండి పంపుతుంది. జుమేరాలో తోటపనికీ కాపలాకీ కుదరకముందు హన్మాండ్లు రెండేళ్లు ఆమె చేతి అన్నమే తిన్నాడు. ఆ బంధం కొద్దీ, పొద్దున అచ్చాయమ్మ వెళ్లి తలుపు కొట్టి, నా మాట అరబ్బీలో చెప్పిపెట్టండి బేగంగారూ అనగానే పొయ్యి ఆర్పి బయల్దేరింది. బయల్దేరింది గానీ దారి పొడుగునా భయపెడుతూనే ఉంది, ఇప్పుడు కూడా.

“ఇంకోసారి సోంచాయించు అచ్చాయమ్మా. లోపలికి పోయి నోరు తెరిచినంక వాపస్ తీసుకునుడు ఉండది. శుక్రవారం నీ ఫ్లైట్. నువ్వు జైల్ల గూసుంటే నీ బిడ్డ పురుడు ఎవలు జేస్తరు?”

ఎవరు చేస్తారు. ఆ ప్రశ్న రాత్రుళ్లు అచ్చాయమ్మ తనకు తాను వేసుకుంటున్నదే. బేబీకి తొమ్మిదో నెల. తొలి కాన్పు. మలికిపురంలో మేనత్త ఇంట్లో కూర్చుని రోజులు లెక్కపెడుతోంది, అమ్మ వచ్చేదాకా నొప్పులు రాకూడదని దేవుడికి మొక్కుకున్నానని ఉత్తరం రాయించింది పిచ్చిపిల్ల, నొప్పులు టికెట్టు చూసి వస్తాయా. తను వచ్చేటప్పుడు దానికి పదిహేనేళ్లు, రెండు జడలు, విమానం ఎక్కడానికి వెళ్తున్న తల్లిని చూసి ఏడవకుండా అక్కడినుంచి వాచీ తెమ్మని అడిగింది. ఆ పిల్ల పెళ్లి చూడలేదు, సీమంతం చూడలేదు, కనీసం ఆ నొప్పుల పూట పక్కన ఉండి నడుం రాయాలని నాలుగేళ్లుగా ఒకే ఒక్క కోరిక. సెలవు వచ్చే నెలలో ఇస్తామన్నారు. అలాంటిది నిన్న ఆదివారం సాబ్ వంటింట్లోకి వచ్చాడు. నాలుగేళ్లలో సాబ్ వంటింటి గడప దాటి లోపలికి రావడం అదే మొదలు. టికెట్టు కవరు బల్ల మీద పెట్టి, నీ కూతురికి నువ్వు కావాలి, ఈ శుక్రవారమే వెళ్లు, పాస్‌పోర్టు విమానం దగ్గర నేనే చేతికిస్తాను అన్నాడు. అచ్చాయమ్మ చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. అంతకు రెండు రోజుల ముందే ఆయన సంగతి తెలిసి కూడా ఆ చేతులు అలా లేచినందుకు వాటిని చూసుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆయన వెళ్లిపోయాక ఆ కవరు వంక చూస్తూ నిలబడితే అర్థమైంది, ఇది కూతురి కోసం కాదు, ఆ రోజు బల్ల దగ్గర నిలబడి నోరు తెరిచింది నేనొక్కదాన్నే కాబట్టి, ఆ నోటిని సముద్రం దాటించడానికి. అప్పటిదాకా ఠాణాకి వెళ్దామా వద్దా అని ఊగిసలాడిన మనసు అక్కడే స్థిరపడింది. ఆ టికెట్టు ఇవ్వకుండా ఉంటే ఏం చేసి ఉండేదో ఆమెకే తెలియదు.

ఏసీ మోత ఆగి, మళ్లీ మొదలయ్యేటప్పుడు ఇస్త్రీపెట్టె బుసలా వినిపించింది. గురువారం పొద్దున్నంతా ఇస్త్రీయే. వారం ముందు మేడమ్ ఒక బొమ్మల పుస్తకం తెచ్చి వంటింటి బల్ల మీద పరిచింది, వాళ్లు ఇంగ్లీషువాళ్లు, వాళ్ల దేశంలో ముత్తాతల నాడు రాజుగారికి మతి చలిస్తే కొడుకు గద్దె చూసుకున్నాడట, ఆ రోజుల్లో గొప్పింటివాళ్లు ఇలా ఉండేవాళ్లట. ఆడవాళ్లకి నడుం రొమ్ముల కిందే మొదలైపోయింది, మగవాళ్లకి గడ్డం దాకా తెల్లగుడ్డ చుట్టేసి మెడ తిప్పే వీల్లేకుండా చేశారు, గొప్పవాళ్లు పక్కకి చూడక్కర్లేదు కాబోలు. ఆ వేషాలు వేసుకుని పన్నెండుమంది భోజనానికి వస్తారు, భోజనమయ్యాక ఒక హత్య జరుగుతుంది, అంటే ఉత్తుత్తి హత్య, ఎవరు చేశారో అందరూ కలిసి కనిపెట్టాలి, అది ఆట. అచ్చాయమ్మకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక కూడా మింగుడు పడలేదు, చావుతో ఆటేమిటి, కడుపు నిండినవాళ్లకి అన్నీ ఆటలే. కానీ మెడగుడ్డల సంగతి వచ్చేసరికి మనసు అటు పోయింది. కర్రలా నిలబడాలి అని మేడమ్ చేత్తో చూపించింది. దుకాణంలో కొన్న డబ్బా గంజి వాటికి చాలలేదు. పుట్టిల్లు చాకలి ఇల్లు, ఆమెకి ఒకళ్లు నేర్పాలా. దొడ్డు బియ్యం కుండెడు ఉడకబెట్టి చిక్కటి గంజి వార్చి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగట్టి, నీలిమందు చుక్క కూడా పడకుండా ముంచి, నీడన ఆరేసి, చెమ్మ ఉండగానే పెట్టె కింద వేసింది. ఏడు గుడ్డలు, ఆరుగురు మగవాళ్లకి ఆరు, ఒకటి అదనంగా. నిలబెడితే నిలబడ్డాయి. మేడమ్ చప్పట్లు కొట్టి ఆమె బుగ్గ గిల్లింది. మేడమ్ మంచిదే. తన నోట రేపు ఆ ఇల్లు కూలిపోతే ఆ మంచి మనిషి ఎక్కడికి పోతుందో. అది కూడా ఆలోచించింది అచ్చాయమ్మ, ఆలోచించకుండా రాలేదు.

హిల్డమ్మ మాత్రం ఎప్పుడూ వంటింటి తలుపులోంచే వచ్చేది. సాబ్ ఆఫీసులో టైపు కొట్టే పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయేమో, గోరింటాకు పెట్టినట్టు ఎర్రటి జుట్టు. అచ్చాయమ్మ నేర్పిన రెండే రెండు తెలుగు మాటలు, బాగున్నావా, అన్నం తిన్నావా, ఎప్పుడు కనిపించినా రెండూ ఒకేసారి అనేసి పకపకా నవ్వేది. ఆటకి రెండు రోజుల ముందు అదే వంటింటి పీట మీద కూర్చుని ఏడ్చింది. సగం ఇంగ్లీషు, సగం హిందీ, సగం సైగలు, ఇక దాచను, మేడమ్‌కి నేనే చెప్పేస్తాను అంది. ఏం చెప్పేస్తుందో అచ్చాయమ్మ అడగలేదు. అడగాల్సిన పని లేదు, సాబ్ చొక్కాలు ఉతికేది తనే. చెప్పకమ్మా, ఊరుకో, కొంప మునుగుతుంది అని తల నిమిరింది, అలాంటప్పుడు ఎవరైనా అనే మాటే అంది, ఆ పిల్ల తల ఊపింది గానీ ఊరుకున్నట్టు లేదు. ఆటలో చచ్చే మనిషెవరో తేల్చడానికి పింగాణీ గిన్నెలో చీటీలు వేస్తే, నల్ల గుర్తు ఉన్న చీటీ ఆమెకే వచ్చింది. సరదా పడింది కూడా. ఇప్పుడా చీటీ ఆమెకే ఎలా వచ్చిందా అని అచ్చాయమ్మ తలుచుకుంటుంది, గిన్నె పట్టుకున్నది సాబే మరి. దానికి మాత్రం సాక్ష్యం లేదు. సాక్ష్యం లేనిది చెప్పకూడదు అనుకుంది, చూసిందే చెప్పాలి, ముట్టుకున్నదే చెప్పాలి.

చూసింది ఇది. వెనక వైపు కుట్టుమిషను గదిలో దివాను మీద హిల్డమ్మ పడుకుంది, చచ్చినట్టు కనిపించాలని మేడమ్ చెబితే ఆమె మొహానికీ మెడకీ చేతులకీ తెల్లగా పౌడర్ రాసింది అచ్చాయమ్మే, రాస్తుంటే కితకితలని ఆ పిల్ల మెలికలు తిరిగింది. గడ్డం దాకా శాలువా కప్పారు. తర్వాత ఇంట్లో దీపాలన్నీ పది నిమిషాలు ఆర్పాలి, చీకట్లో ఎవరు ఎటైనా తిరగొచ్చు, లోపలినుంచి ఒక కేక వినపడాలి, అది ఆట పద్ధతి. దీపాలు ఆర్పే పని హన్మాండ్లుది. మెయిన్ స్విచ్ వంటింటి పక్కనే. సాబ్ తన చేతి గడియారం వాడికిచ్చి పది నిమిషాలు కాగానే వెయ్యమన్నాడు, చీకట్లో ముల్లు కనిపిస్తేగా, వాడు ఆరువందలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, మూడువందల దగ్గర తప్పి, మళ్లీ ఒకటి నుంచి. అచ్చాయమ్మ గిన్నెల దగ్గర నిలబడి నవ్వు ఆపుకుంటూ వాడి లెక్క ప్రతి అంకె వింది. నాలుగు వందల చిల్లరలో ఉండగా కేక వినిపించింది. హాల్లో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ కేక చివర తెగిపోయినట్టయింది, బాగా నేర్చుకుంది పిల్ల అనుకుంది తను కూడా. దీపాలు వచ్చాక అందరూ కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లి దివాను చుట్టూ నిలబడి, ఎంత బాగా పడుకుందని మెచ్చుకుని, హాల్లోకి తిరిగొచ్చి విచారణ మొదలుపెట్టారు. మేజిస్ట్రేటు వేషం సాబ్‌ది.

విచారణ సాగుతూనే ఉంది, అప్పుడు మేడమ్ అంది, పాపం ఆ పిల్లకి దాహమేస్తుంది, గ్లాసుడు నీళ్లు ఇచ్చిరా అని. అచ్చాయమ్మ వెళ్లింది. హిల్డమ్మా, లే, ఎవరూ లేరు అంది. మొహం తెల్లగా ఉంది, తను రాసిన తెలుపే. దిండు కిందపడి ఉంటే తీసి పెట్టబోతూ కాళ్లవైపు చూసింది. పాదాలకి ఎవరూ పౌడర్ రాయలేదు. గోళ్ల కింద నీలంగా తిరిగింది, అరికాలు మైనంలా పాలిపోయింది, పట్టుకుంటే గచ్చులా చల్లగా ఉంది. అత్తగారికి కడసారి స్నానం చేయించిన చెయ్యి అది, తోడికోడలి పసిబిడ్డని చుట్టి ఇచ్చిన చెయ్యి, దానికి డాక్టరు చెప్పక్కర్లేదు. గ్లాసు అక్కడే పెట్టి హాల్లోకి పరిగెత్తి పెద్ద బల్ల ముందు నిలబడి, మేడమ్, మిస్ చచ్చిపోయింది అంది, మర్ గయీ అంది, డెడ్ అని కూడా అంది, వచ్చిన భాషలన్నిట్లో చెప్పింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. పనిమనిషి కూడా ఆటలోకి వచ్చేసిందని ఒకాయన లేచి నిలబడి ఆమె వైపు గ్లాసు ఎత్తాడు. మేడమ్ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. పన్నెండుమందిలో హిల్డమ్మ పోతే పదకొండుమంది, పదకొండుమందిలో నవ్వనివాడు ఒక్కడు. సాబ్ తన ముందున్న పళ్లెం వంక చూస్తున్నాడు. తల ఎత్తకుండానే, వెళ్లు అచ్చాయమ్మా, ఆట చెడగొట్టకు అన్నాడు, చాలా మెల్లగా.

ఆమె వెళ్లింది. ఆ రెండు అడుగులే ఇప్పుడు గుచ్చుకుంటున్నాయి. ఆ బల్ల గుడ్డ పట్టుకుని ఒక్క లాగు లాగితే, పళ్లేలన్నీ నేల మీద భళ్లుమంటే అందరూ లేచొచ్చేవాళ్లు. లాగలేదు. వెళ్లమంటే వెళ్లింది, నాలుగేళ్లుగా వెళ్లమంటే వెళ్లడమే, రమ్మంటే రావడమే. కుట్టుగదిలోకి తిరిగొచ్చి ఆ పిల్ల పక్కన నేలమీద కూర్చుంది. ముప్పావుగంట. అవతల నవ్వులు. నిండు మనిషి చచ్చిపడి ఉంటే చచ్చిందని ఒప్పుకునేవాళ్లు లేరు. చచ్చినవాళ్లకి చెయ్యాల్సింది ఎవరో ఒకరు చెయ్యాలి కదా, దేశం కాని దేశంలో కన్నవాళ్లు లేని పిల్లకి. కళ్లు మూసింది. దవడ సర్దింది. వెనక తలుపు దగ్గరికి వెళ్లి, తమ్ముడూ, కాస్త పురికొస ఇయ్యి అని హన్మాండ్లుని అడిగింది, వాడు తీగలు కట్టే పురికొస జేబులోంచి తీసి, ఎందుకని అడిగి, విని, తలకి చుట్టుకున్న గుడ్డ తీసేసి నిలబడ్డాడు. ఆమె హిల్డమ్మ కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టింది. అంతే ఆమె చేసింది.

ఆట అయ్యాక లేపడానికి వచ్చినప్పుడు గానీ వాళ్లకి నిజమని తెలియలేదు, తర్వాత పోలీసులు వచ్చి ఆ కట్టు చూశారు. పోయినవాళ్ల కాళ్లు కట్టడం వాళ్లలోనూ ఉంది, అందుకే ఇంకా గట్టిగా పట్టుకున్నారు, ఇంటిల్లిపాదీ ఆట అనుకుంటున్నప్పుడు ఆమె చచ్చిందని కట్టినవాడికి ఎలా తెలిసింది, చంపితేనే కదా తెలిసేది. ఎవరు కట్టారు అని అడిగారు. పురికొస తోటమాలిది. అచ్చాయమ్మ నోరు తెరవబోయింది. హన్మాండ్లు ఆమె మొహం చూసి, ఒక అడుగు ముందుకేసి, నేనే కట్టిన సాబ్ అన్నాడు. పక్కనుంచి ఆమెకి మాత్రమే వినపడేలా అన్న మాట చెవిలో అలాగే ఉంది.

“నువ్వు ఊకో అక్కా, బిడ్డ పురుడుకు పోవాలె. కాళ్లు కట్టుడు పున్నెమే గాని పాపం గాదు. గదానికి ఎవలేమంటరు?”

వెర్రిబాగులవాడు. మెట్‌పల్లి దగ్గరి పల్లెనుంచి వచ్చి గోడ వెనక గోంగూర పెంచి, క్యాంపు వాళ్లందరికీ కట్టలు పంచిన వాడికి, మంచిపని చేశానంటే శిక్ష వేసేవాళ్లుంటారని ఎక్కడ తెలుస్తుంది. చేతులకి సంకెళ్లు వేస్తుంటే కూడా నవ్వు మొహంతోనే ఉన్నాడు, పొద్దునకల్లా వదిలేస్తారనుకుని. అచ్చాయమ్మని అడగాల్సి వచ్చినప్పుడు సాబ్ ముందుకొచ్చి, ఈమెకి భాష రాదు, నేను చెబుతాను అని ఇంగ్లీషులో ఆయనే ఏదో చెప్పేశాడు. వంటింట్లో ఉంది, ఏమీ చూడలేదు అని చెప్పాడట, తర్వాత మేడమ్ మాటల్లో తెలిసింది, చచ్చిందని ఆమె వచ్చి చెబితే నవ్విన సంగతి మిగతావాళ్లెవరూ బయటపెట్టలేదు. అంటే తన నోరు కూడా ఆయన దగ్గరే ఉంది, పాస్‌పోర్టుతో పాటు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.

మర్నాడు శుక్రవారం పొద్దున ఉతుకుడు బుట్ట ఒంపితే ఆరు మెడగుడ్డలు. అయిదింటికి చెమట, ద్రాక్షసారా మరకలు. ఆరోది సాబ్‌ది, పొడుగు మనిషి కాబట్టి అంచుకి జానెడు అతుకు వేసింది, అదే గుర్తు. దాని మీద ఎడమవైపు వరసగా నాలుగు గీతలు, నల్లటి నీలం. చేతివేళ్లు గీరినట్టు. చెయ్యి అలవాటుగా బకెట్టులోకి పోయింది, గుడ్డ నీళ్లని తాకబోతుండగా ఆగింది. ఆ నీలం ఆమెకి తెలుసు. బేబీ చిన్నప్పుడు మోకాలు కొట్టుకుంటే కాంపౌండరు టింక్చరు పూశాడు, ఎత్తుకుని ఇంటికి వచ్చేసరికి తన గంజిపెట్టిన చీర కొంగంతా ఇలాగే నీలం తిరిగింది, వెయ్యి రూపాయల చీర పాడైనట్టు అత్తగారు తిట్టింది. టింక్చరు గోధుమరంగు, గంజి తగిలితే నీలం. చాకలి ఇంటి పిల్లలకి తెలిసే సంగతి, ఆఫీసు దొరలకి ఎక్కడ తెలుస్తుంది. దిండు అదిమినప్పుడు ఆ పిల్ల గీరిన మెడకి మందు పూసుకుని, పైన తన చేతి గంజిగుడ్డ చుట్టుకుని, మేజిస్ట్రేటునని కూర్చున్నాడు. గుడ్డ విప్పి చూసుకుని కూడా సిరా అనుకున్నాడో ఏమో, బుట్టలో పడేశాడు, బుట్టలో పడేసింది మర్నాటికి తెల్లగా వస్తుంది, అంతే వాళ్లకి తెలిసింది. ఎండ తగిలినా వేడి తగిలినా ఆ నీలం పోతుంది. అందుకని ప్లాస్టిక్ కవరులో చుట్టి బియ్యం బస్తా అడుక్కి తోసింది. మూడు రోజులు ఆ బస్తాలోంచే బియ్యం తీసి వాళ్లకి వండింది. చెయ్యి లోపలికి పెట్టిన ప్రతిసారీ హిల్డమ్మ గుర్తొచ్చింది.

“ఆఫీసరు వచ్చిండు,” అంది ఫాతిమున్నీసా. “ఏమంటవ్?”

“ఆయన నడిచొచ్చాడు, నేను కూర్చునుండటమేంటండి బేగంగారూ, లెగండి,” అంది అచ్చాయమ్మ.

ఆఫీసరు కుర్రవాడే, అరచేతిలో జపమాల, ఎదురుగా పెద్ద బల్ల. ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోమన్నాడు. అచ్చాయమ్మ చూసింది చూసినట్టు, ముట్టుకున్నది ముట్టుకున్నట్టు చెప్పుకుపోయింది, ఫాతిమున్నీసా అరబ్బీలోకి మార్చుకుపోయింది. చీకట్లో ఆరువందల లెక్క చెప్పింది. మర్ గయీ అంటే అందరూ నవ్వడం, ఒక్కడు నవ్వకపోవడం చెప్పింది. సంచీలోంచి నీలం గీతల గుడ్డ తీసి బల్ల మీద పరిచింది, దాని పక్కన ఎవరూ కట్టుకోని ఏడో గుడ్డ పరిచి, మీ మందుల పెట్టెలో టింక్చరు ఉంటే ఒక చుక్క వెయ్యండి అంది. ఆఫీసరు తెప్పించి వేశాడు. తెల్లగుడ్డ మీద గోధుమ చుక్క చూస్తుండగానే నల్లటి నీలమైంది. ఆయన జపమాల బల్ల మీద పెట్టి, లేచి, సాబ్‌ని ఇంటినుంచి కదలనివ్వొద్దని గుమ్మం దగ్గరి పోలీసుకి చెప్పి వచ్చి కూర్చున్నాడు.

తర్వాత అడిగిన మాట విని ఫాతిమున్నీసా మొహం మారిపోయింది. ఆ దొర చంపినా సరే, కాళ్లు కట్టినవాడికి ముందే తెలిసినట్టే కదా, వాడు దొరకి తోడుబోయినవాడు కాదని ఎలా నమ్మను, నేనే కట్టానని వాడు నాలుగు రోజులుగా ఒకే మాట మీద ఉన్నాడు, వాడిని విడిపించడానికి నువ్విప్పుడు నేనే అంటున్నావు, ఇద్దరిలో ఎవరు నిజం. ఇది ఆఫీసరు ప్రశ్న. ఎలా కట్టావో చూపించు అని బల్లసొరుగులోంచి పురికొస ముక్క, రెండు పెన్సిళ్లు తీసి ముందు పెట్టాడు.

పెన్సిళ్లకి కట్టబోతే జారిపోయాయి. రెండోసారీ జారాయి. వేళ్లకి చేసే పని కర్రలకి రాదు. అచ్చాయమ్మ ఒక్క క్షణం ఆ పురికొస వంక చూసింది. కుర్చీ దిగి గచ్చు మీద కూర్చుంది. చెప్పులు విడిచింది. ఫాతిమున్నీసాకి అర్థమై ఆమె భుజం పట్టుకుంది.

“వద్దు. బతికున్న మనిషివి, ఇంటికాడ నెలలు నిండిన బిడ్డ. గిసొంటి అపశకునం జెయ్యకు. నీకు దండం బెడ్త.”

అచ్చాయమ్మకి భయమేసింది. అబద్ధమెందుకు, ఠాణాకి వస్తున్నప్పుడు వెయ్యని భయం ఇప్పుడేసింది, కళ్లముందు మలికిపురంలో మంచం మీద పిల్ల కనిపించింది, నన్ను క్షమించవే తల్లీ, ఇంకొకళ్ల బిడ్డ గోడ అవతల ఉన్నాడు అనుకుంది. పాదాలు రెండూ దగ్గరికి చేర్చింది. బొటనవేళ్ల చుట్టూ పురికొస ఎడమచేతివాటంగా మూడు చుట్లు తిప్పి, కొసని చుట్ల కిందినుంచి తీసి లోపలికి దోపి బిగించింది. ముడి వెయ్యలేదు. పోయే మనిషిని ముడేసి ఆపకూడదని వాళ్లవైపు ఎవరూ వెయ్యరు. కట్టాక చీర కుచ్చిళ్లు పక్కకి జరిపి, చూడమన్నట్టు కాళ్లు ముందుకి చాపింది. ఆఫీసరు సొరుగులోంచి హిల్డమ్మ కాళ్ల కట్టు ఫోటో బయటికి తీసి బల్ల మీద బోర్లా పెట్టుకుని, హన్మాండ్లుని తీసుకురమ్మన్నాడు.

వాడు వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, వెలుతురుకి చెయ్యి అడ్డం పెట్టుకుని. అచ్చాయమ్మని చూశాడు, ఆమె కాళ్లు చూశాడు. ఆఫీసరు ఉన్నాడన్న సంగతే మరిచిపోయి గబగబా వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“బతికున్నోళ్లకు కడ్తరా అక్కా? ఎవలు కట్టిండ్రు నీకు?”

విప్పడానికి పురికొస పట్టుకున్నాడు. ముడి కోసం పైన వెతికాడు. వేళ్ల సందుల్లో వెతికాడు. ఆమె పాదాలు ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు, గోళ్లతో చుట్లు గీకాడు, అవి ఇంకా బిగుసుకున్నాయి. వాడి కన్నీళ్లు ఆమె కాళ్ల మీద పడుతున్నాయి. అచ్చాయమ్మ కదల్లేదు, కొస ఎక్కడుందో చెప్పలేదు, పళ్లు బిగబట్టి వాడి వేళ్లనే చూస్తూ కూర్చుంది. బల్ల అవతల ఆఫీసరు ఫోటో వెల్లకిలా తిప్పి, లేచి నిలబడి, ఆయన కూడా ఆ వేళ్లనే చూస్తున్నాడు.

“ముడి ఏదక్కా,” అన్నాడు హన్మాండ్లు. “నాకు దొర్కుతలేదు. ముడి ఏడ వెట్టినవ్?”